ఆముదం చేతులు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. కానీ చిన్నప్పుడే ఎడమ కాలికి పోలియో వచ్చింది కాబట్టి, నాకు దొరికిన పని కూర్చుని చేసేదే అయింది. గుంటూరులో ఒక మిర్చి గోడౌన్‌లో ఇరవై రెండేళ్లుగా కాయ ఏరుతున్నాను. ఎర్రగా నిగనిగలాడేది ఒక కుప్ప, రంగు తగ్గింది ఇంకో కుప్ప, తెల్లబడిన తాలు కాయ వేరే కుప్ప. చేతులు ఇక్కడ ఆడుతుంటే మనసు గేటు దాటి ఎటెటో తిరిగి వస్తుంటుంది. "నీ కాళ్లు రెండూ బాగుంటే ఈపాటికి ఏ హిమాలయాల్లోనో తేలేదానివి" అని పక్కన కూర్చునే ఆడవాళ్లు ఏడిపిస్తారు. నిజమే, తేలేదాన్నే.

అలాంటి నాకు మొన్నటి చలికాలంలో నడుం పట్టేసింది. డాక్టరు ఈత కొట్టమన్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. నలభై ఏడేళ్లు, ఇనుప పట్టీల బూటు, ఎక్కడ కొట్టేది ఈత? మా ఆయనకి చెబితే, "టబ్బులో నీళ్లు పట్టనా?" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆటోలో పనికి వెళ్తుంటే ఊరి చివర ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూల్ గోడ మీద ఫ్లెక్సీ కనబడింది. పెద్దవాళ్లకి ఈత నేర్పుతారట, సాయంత్రం ఐదింటికి. ఏ వయసైనా, ఎలాంటి ఒళ్లైనా, ఏ బట్టలైనా సరే అని రాసి ఉంది. ఆటో అక్కడే ఆపించాను. ఆటో అతను ఎందుకని అడిగేలోపే గేటు లోపల ఉన్నాను.

మొత్తం ఎనిమిదిమందిమి. ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉండేది. అందరం టీచరమ్మ అనేవాళ్లం. మోకాళ్లు అరిగిపోయాయని వచ్చింది. మొదటిరోజు నైటీతో దిగితే అది బుడగలా ఉబ్బి ఆవిడ చుట్టూ తేలింది. మేం నవ్వితే, పదో తరగతి పిల్లల్ని చూసినట్టు చూసింది. చూపు లేని బ్యాంకు ఉద్యోగి ఒకాయన, కర్రని మెట్టు పక్కన పెట్టి, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేవాడు. నేర్పించేది కొత్తపట్నం దగ్గర సముద్రపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. నన్ను పిన్నీ అని పిలిచేది.

"కాలు సంగతి వదిలెయ్ పిన్నీ. ముందు ఊపిరి సంగతి చూడు. ఎందుకా తొందర?"

తొందర నా పుట్టుకలోనే ఉంది. ఊపిరి బిగబట్టమంటే మూడు లెక్కపెట్టేలోపే లేచేదాన్ని. తేలమంటే కాళ్లూ చేతులూ కొట్టేసి నీళ్లు మింగేదాన్ని. అయినా రోజూ మధ్యాహ్నం మూడు నుంచే గోడ గడియారం వైపు చూడటం మొదలైంది. బూటు విప్పి ఆ నీళ్లలో దిగితే నా రెండు కాళ్లకీ తేడా తెలిసేది కాదు. ఆ గంట కోసం మిగతా రోజంతా భరించేదాన్ని.

రోజూ ఈతకి ముందు ఒక పద్ధతి ఉండేది. నడుములోతు నీళ్లలో అందరం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. ఆ అమ్మాయి మూడు లెక్కపెట్టగానే ముఖం ముంచాలి, లేచి అరచేతులతో ముఖం తుడుచుకోవాలి, మళ్లీ చేతులు పట్టుకోవాలి. భయం పోవడానికట.

మార్చి వచ్చేసరికి మిర్చి సీజన్ ముదిరింది. కాయ ఏరేవాళ్లం పొద్దున్నే చేతులకి ఆముదం పట్టిస్తాం. మంట చర్మానికి పట్టకుండా ఆముదమే పట్టుకుంటుంది. పని అయ్యాక శనగపిండితో రుద్ది రుద్ది తీస్తాం. ఒక రోజు పెద్ద లాటు వచ్చి నాలుగున్నర దాటిపోయింది. ఐదింటికి పూల్‌లో లేకపోతే ప్రాణం పోతుందన్నట్టు, శనగపిండి ఊసే లేకుండా కాస్త సబ్బు రాసి, నీళ్లు పోసుకుని ఆటో ఎక్కాను. జిడ్డు అలాగే ఉంది. ఇరవై రెండేళ్లు కాయలో నానిన చేతులు నావి, వాటికి మంట తెలియడం ఏనాడో మానేసింది.

గుండ్రంగా నిలబడ్డాం. ముంచాం, లేచాం, తుడుచుకున్నాం, మళ్లీ చేతులు పట్టుకున్నాం. రెండోసారి తుడుచుకున్నాక టీచరమ్మ కెవ్వుమంది. బ్యాంకాయన "అమ్మా, మంట!" అంటూ మెట్ల కోసం తడుముకున్నాడు. నాకు అటూ ఇటూ ఉన్నది వాళ్లిద్దరే. నా కళ్లూ చురుక్కుమన్నాయి గానీ, గోడౌన్‌లో రోజూ మండేవే కదా అనుకున్నాను. గొడవ విని పూల్ ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, ఎంత క్లోరిన్ కుమ్మరించావు?"

"కొలిచే వేశానండి" అంది ఆ అమ్మాయి.

"కొలిస్తే ఇలా మండుతాయా? ఈ నెల జీతం తీసుకుని ఊరెళ్లిపో. ఈ బ్యాచ్ కూడా వద్దు నాకు."

ఇంటికొచ్చి టవల్ దండెం మీద వేశాను. మా ఆయన స్నానం చేసొచ్చి దాంతోనే ముఖం తుడుచుకుని, ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "ఏంటే ఇది? టవల్లో కారం మూటగట్టావా?"

చేతులు వాసన చూసుకున్నాను. ఆముదం, కాయ ఘాటు.

మర్నాడు పూల్‌కి సెలవు. ఆ రోజంతా నేను మనిషిని కాను. తాలు కాయని మంచి కుప్పలో వేశాను, మేస్త్రితో తిట్లు తిన్నాను. చెబితే ఇక నన్ను నీళ్లలోకి రానివ్వరు. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. బ్యాచే మూసేస్తే చెప్పినా చెప్పకపోయినా నాకు ఒకటేగా అని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా. లేచాను, కూర్చున్నాను, గేటు దాకా వెళ్లొచ్చాను. "గండుచీమ కుట్టిందా ఏంటే?" అన్నారు పక్కవాళ్లు. వాళ్ల మీద విరుచుకుపడ్డాను. నా మీద నాకున్న కోపమంతా వాళ్ల మీద పోసేశాను.

ఆ మరుసటి రోజు నాలుగింటికే వెళ్లి ఓనరు ముందు నిలబడ్డాను. "క్లోరిన్ కాదండీ. నా చేతులు. కాయ ఏరి కడుక్కోకుండా వచ్చాను" అన్నాను. ఆయన నా చేతుల వంక చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ అమ్మాయిని ఉండమన్నాడు. నన్ను మాత్రం సీజన్ అయ్యేదాకా గేటు తొక్కొద్దన్నాడు. సీజన్ అంటే ఇంకో మూడు నెలలు. సరేనని వెనక్కి తిరిగాను.

టీచరమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "గోడ మీద ఫ్లెక్సీ అలాగే ఉంచి ఈవిడని పొమ్మంటారేమిటండీ? గుంటూరులో మిరపకాయ ముట్టనివాళ్ల కోసం పెట్టారా ఈ పూల్?" అని ఓనర్ని నిలదీసింది. ఆయన నసిగి నసిగి, చివరికి ఒప్పుకున్నాడు. కాకపోతే మళ్లీ ఒక్కరి కన్ను మండినా బ్యాచ్ మూసేస్తానన్నాడు.

వారం రోజులు వెళ్లలేదు, ధైర్యం చాల్లేదు. తర్వాత ఒకరోజు గోడౌన్‌లో గంట ముందే పని ముగించి, తాజా ఆముదంతో పాత జిడ్డు కరిగించి, శనగపిండితో రుద్ది, పెరుగుతో కడిగి వెళ్లాను. అందరూ నీళ్లలోనే ఉన్నారు. మెట్టు మీద కూర్చుని బూటు విప్పాను, కానీ దిగలేకపోయాను. టీచరమ్మ మెట్ల దాకా వచ్చి నా చెయ్యి లాక్కుని, చూపుడువేలు తన కంటి రెప్ప మీద రాసుకుంది.

"ఏం లేదు, దిగు."

ఆ కంట్లోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

"అబద్ధం ఆడకండి టీచర్ గారూ!" అని అరిచాను. రెయిలింగు పట్టుకుని, బూటు లేకుండానే కుంటుకుంటూ బాత్రూంలోకి పోయాను. సంచిలోంచి మళ్లీ ఆముదం, మళ్లీ పిండి, మళ్లీ పెరుగు. గోళ్ల సందులు పుల్లతో గీకాను. గంటలో సగం అక్కడే అయిపోయింది. ఈపాటికి అందరూ అవతలి గట్టు దాకా వెళ్లి ఉంటారనుకుని బయటికొచ్చాను.

ఏడుగురూ నడుములోతు నీళ్లలో గుండ్రంగా అలాగే నిలబడి ఉన్నారు. టీచరమ్మకీ బ్యాంకాయనకీ మధ్య ఖాళీ. ఇద్దరూ చెరో చెయ్యి గాల్లో చాచి ఉంచారు.

"వచ్చారా అక్కా? చెయ్యి పీకేస్తోందండీ, త్వరగా దిగండి" అన్నాడు బ్యాంకాయన, నా అడుగుల చప్పుడు విని.

దిగాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. ఆ అమ్మాయి మూడు లెక్కపెట్టింది. ముఖాలు ముంచి లేచాం. అందరూ చేతులు వదిలారు గానీ టీచరమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆ చేత్తోనే, నా అరచేత్తోనే, నుదుటి నుంచి గడ్డం దాకా తన ముఖం తుడుచుకుంది.