ఒకే జీపు, ఒకే మాత్ర

మా మామ పోయారు. మా ఊరు బోడినాయకనూరులో అడిగినవాళ్లందరికీ గుండెపోటని చెప్పాం. నిజానికి నొప్పి మాత్రలు ఎక్కువై, నిద్రలోనే ఊపిరి ఆగిపోయింది. ఆయన మా అమ్మకు అన్న, నా భర్తకు తండ్రి. మాలో మేనరికం కొత్త కాదు.

యాలకుల వ్యాపారం ఆయనది. కాయ ఒలిచి గింజలు నా చేతిలో పోసి, పొట్టు తన చొక్కా జేబులో వేసుకునేవారు. బేరం కుదరకపోయినా కోపం లేదు. "సరుకు మంచిదైతే అదే మాట్లాడతాది పాపా, మనం నోరు మూసుకోవాల" అని నవ్వేవారు. నా వంటను అందరికన్నా ముందు వెక్కిరించిందీ ఆయనే, మారు వడ్డించమన్నదీ ఆయనే.

కొండ దారిలో జీపు బోల్తాపడి ఆయనకూ డ్రైవరుకూ వెన్నుపూస దెబ్బతింది. మదురైలో ఇద్దరికీ ఆపరేషన్, ఇద్దరికీ ఒకే మాత్ర. తల తిరుగుతోందని డ్రైవరు సగంలో మానేసి మళ్లీ బండెక్కాడు. మామ మానలేకపోయారు. "అది లోపలికి పోతే ఈ ఒళ్లు నాదనిపిస్తాది పాపా. లేకుంటే ఎవరింట్లోనో పెట్టి తాళమేసినట్టు ఉండాది" అన్నారు నాతో.

మా వైపు తాగుడు మానాలంటే గుడిలో ఒట్టు పెట్టించి చేతికి కయిరు కట్టిస్తారు. పెద్దలు ఆయనకూ ఆ తాడే కట్టించి, మాత్రలన్నీ ఒక్కసారిగా లాగేసుకున్నారు. చెమటలు, వాంతులు, వణుకు. అత్త ఏడ్చింది.

"ఆ డ్రైవరుకు లేంది మీకేముండాది? మనసు గట్టి చేసుకోకూడదా?"

"కయిరు చేతికి కట్టినారు. రగతానికి ఎవరు కడతారు?" అన్నారు మామ. వారం తిరక్కుండానే ఆయనే తాడు తెంపేసి మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. ఆ తరువాత ఇంట్లో ఆయనతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఆయన పోయిన కొన్నాళ్లకే నా కూతురు స్కూటీ మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఇంట్లో ఎవరికైనా మాత్రల అలవాటుందా అని డాక్టరమ్మ అడిగింది. నా భర్త కిటికీ వైపు చూశాడు. నేను చెప్పేశాను. ఒకే మందు అందరి ఒంట్లో ఒకేలా పనిచెయ్యదనీ, పుట్టుకతో వచ్చే జన్యువులకూ అందులో పాలుందనీ, అది మనసు గట్టితనానికి సంబంధించింది కాదనీ ఆవిడ తమిళంలో నిదానంగా చెప్పింది. తాతకు జరిగింది మనవరాలికి జరిగి తీరుతుందని కాదట, జరగదనీ చెప్పలేమట. అదే రకం మాత్ర కొద్ది రోజులకే ఇచ్చి, కనిపెట్టి చూస్తామంది. ఈ నాలుగు మాటలు మామ బతికుండగా ఎవరైనా చెప్పి ఉంటే! నా కూతురికి ఆయన రక్తం నా వైపు నుంచీ ఉంది, వాళ్ల నాన్న వైపు నుంచీ ఉంది. ఎటు తిరిగినా ఆయనే.

ఆపరేషనయ్యాక నర్సు మాత్ర నా అరచేతిలో పెట్టింది. పిల్ల నొప్పికి పళ్లు బిగబట్టి, "ఇయ్యి మా, తాళలేను" అంది. ఇచ్చాను. కాసేపటికి దాని కనుబొమల ముడి విడిపోయింది. హాయిగా నవ్వింది. అది నొప్పి తగ్గిన హాయేనా, మామ చెప్పినలాంటిదా అని దాని మొహమే చూస్తూ కూర్చున్నాను.