కొత్త చెవి

మా పెద్దమ్మకు పూర్తిగా వచ్చిన కథ ఒక్కటే. మిగతావన్నీ సగం చెప్పి "గట్లనే ఏదో అయితది తియ్" అని లేచిపోయేది. ఈ ఒక్కదాన్ని మాత్రం, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ఆపేది కాదు. పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఇల్లు శామీర్‌పేటలో. చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ నేను ఆ ఇంట్లోనే గడిపాను.

కథ ఇది. ఐదుగురు అన్నలకు ఒక చెల్లెలు. అన్నలు బండ్లు కట్టుకుని వ్యాపారానికి పోయారు. వదినలు ఆ పిల్లను చంపి దొడ్లో పాతిపెట్టి, పైన ఒక గుమ్మడి గింజ వేశారు. తీగ మొలిచి ఇంటి కప్పు మీదికి పాకింది. తిరిగొచ్చిన అన్నలకు చెల్లెలు జ్వరంతో పోయిందని చెప్పారు. వాళ్లు ఏడ్చి ఊరుకున్నారు. ఒకరోజు పెద్దన్న కూరకని కాయ కోయబోతే తీగ మాట్లాడింది. "మెల్లగ కొయ్యన్నా, గది నా చెయ్యి." గాలి చప్పుడు అనుకుని కోసేశాడు. తర్వాతి అన్న పోతే "మెల్లగ కొయ్యన్నా, గది నా కాలు." అతనూ కోశాడు. అట్లా నలుగురూ కోసుకుపోయారు. ఆఖరికి చిన్నన్న కత్తి పెట్టగానే "మెల్లగ కొయ్యన్నా, గది నా గొంతు" అంది. అతనొక్కడు కత్తి కింద పడేశాడు.

"గుర్తువట్టిండు" అని, అక్కడితో సరి. తర్వాత ఏమైందని మేం గోల చేస్తే పెద్దమ్మ విసుక్కునేది. "గుర్తువట్టిండు. ఇంకేం గావాలె మీకు?"

ఈ కథకు ఒక నియమం ఉండేది. మాట మాటకూ వినేవాళ్లు ఊ కొట్టాలి. అదీ ఎవరంటే వాళ్లు కాదు, అంతకుముందు ఆ కథ వినని మనిషే కొట్టాలి. తెలిసినవాళ్లు కొడితే అది దొంగ ఊ అని పెద్దమ్మ లెక్క. అందుకే ఇంటికి కొత్త కోడలు వచ్చినప్పుడో, ఒక పిల్లకు కథ వినే వయసు వచ్చినప్పుడో తప్ప ఆమె నోరు విప్పేది కాదు. అలాంటి మనిషిని కొత్త చెవి అనేది. కొత్త చెవి దొరికిన రోజు ఇంట్లో అందరం చుట్టూ చేరేవాళ్లం, కానీ మాలో ఎవరికీ ఊ కొట్టే హక్కు లేదు.

ఎవరూ ఊ కొట్టకపోతే ఏమవుతుందని నేను ఒకసారి అడిగాను. పెద్దమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "గా పిల్లనే కొడ్తది. దొడ్లకెళ్లి." ఆ సెలవులు అయిపోయేదాకా నేను పట్టపగలు కూడా దొడ్లోకి ఒంటరిగా వెళ్లలేదు.

పెద్దయ్యాక పాత కథలు తిరగరాసి బతికే మనిషినయ్యాను. ఈ కథను ఎన్ని వేషాలు వేయించానో చెబితే పెద్దమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదేమో. బౌరంపేట్‌లో విల్లాల మధ్య ఒక బడి వార్షికోత్సవానికి నాటకంగా రాశాను. చంపడం వద్దు మేడం, పేరెంట్స్ ఫీలవుతారు అన్నారు. సరే, చెల్లెల్ని హాస్టల్‌కు పంపాం. గుమ్మడికాయలు డాన్సు చేశాయి. పిల్లల బొమ్మల పుస్తకంలో వేస్తే వదినల బదులు మంత్రగత్తె వచ్చింది, ఉమ్మడి కుటుంబాల మనసు నొచ్చుకోకూడదట. ఫోన్లో చూసే కార్టూన్‌కు రాసినప్పుడు గుమ్మడికాయకు కళ్లు, మూతి పెట్టి పాట పాడించారు. నేను డబ్బు తీసుకుని నోరు మూసుకున్నాను.

ఆ కార్టూన్ వచ్చాక మా కాలనీలో ఒకావిడ నన్ను కూరగాయల బండి దగ్గర నిలబెట్టి అడిగింది. వాళ్ల చంటిది ఇంట్లో ఎవరినీ గుమ్మడికాయ కోయనివ్వడం లేదట. కత్తి కనపడితే చాలు, కాయను వాటేసుకుని కూర్చుంటోందట. హాస్టల్, మంత్రగత్తె, పాట, ఇన్ని రంగులు పూసినా కథలోని ఆ చెల్లెలు లోపలే ఉందన్నమాట. నాకు ఒళ్లు జలదరించింది, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. ఆవిడకు మాత్రం సారీ చెప్పాను.

పోయిన చలికాలంలో పెద్దమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. గొంతులో గడ్డ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయాలని, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. ఇక ఎప్పటికీ మాట రాదు. పెద్దమ్మ అంతా విని, చీర కొంగు సరిచేసుకుని, బస్సు టైమెంత అని అడిగింది.

మాట పోకముందే కథ రికార్డు చేద్దామని నేనే అన్నాను. వెంటనే ఒప్పుకుంది. మచ్చ బొల్లారంలో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న స్టూడియో ఉంది. దాని యజమాని ఇదివరకు పెళ్లిళ్లకు మైక్ సెట్ నడిపిన మనిషి, యాభై దాటినాయన. జీవితమంతా చెవులు పగిలే మోతలో గడిపి, ఇప్పుడు నిశ్శబ్దానికి కాపలా కాస్తున్నాడు. "లోపల సూది కింద వడ్డా రికార్డుల పడ్తది మేడం. అమ్మ ఒక్కతే మాట్లాడాలె. మీరు ఊపిరి గూడ మెల్లగ తీయుండ్రి" అన్నాడు.

గదిలో ఊ కొట్టకూడదని, తల మాత్రం ఊపుతానని పెద్దమ్మకు నచ్చజెప్పాను. విస్తరి వేయకుండా అన్నం వడ్డించమన్నట్టు చూసింది. ఎట్లాగో మొదలుపెట్టింది. ఒక్కో మాట చెప్పి, ఊ పట్టేంతసేపు ఆగేది. నేను గంగిరెద్దులా తల ఊపేదాన్ని. మొదట్లో నన్నే చూస్తూ చెప్పింది. గుమ్మడి గింజ వేసే చోటికి వచ్చేసరికి ఆమె చూపు పక్కకు జరిగింది. నా పక్కన ఒక ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అక్కడినుంచి కథంతా ఆ కుర్చీకే చెప్పింది.

ఆగడం కూడా మారిపోయింది. అంతకుముందు నా కోసం తడుముకుంటూ ఆగేది. ఇప్పుడు ఆగి, ఏదో విన్నట్టు గడ్డం కొంచెం కిందికి దించి, ముందుకు పోతోంది. చప్పుడు రాకుండా ఏసీ ఆపేశారు, అయినా నా వీపు చల్లబడింది. తల తిప్పి ఆ కుర్చీ వైపు చూస్తే సరిపోయేది. భయమేసి చూడలేదు.

బయటికి వచ్చేసరికి గాలి జవహర్‌నగర్ చెత్త గుట్టల వైపు నుంచి తిరిగి కంపు కొడుతోంది. పెద్దమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. అయిపోయింది కదా, ఇక ఆపరేషన్‌కు పోదామా అన్నాను.

"కథ తీరలే. నేను రాను."

"మొత్తం జెప్పినవ్ గద పెద్దమ్మా?"

"జెప్పిన. ఊ కొట్టిందెవరు?" నా ముఖంలోకి చూసింది. "గా పిల్ల కొట్టింది. ఇగ అది నన్ను ఇడుస్తదా?"

శామీర్‌పేట ఇంటికి తిరిగొచ్చాం. ఆ సాయంత్రానికి ఆమె గొంతు ఈల చప్పుడంత సన్నబడింది. ఇంకోసారి కథ చెప్పే శక్తి లేదు. ఆస్పత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆమె కొడుకు బతిమాలాడు, అరిచాడు, చివరికి గోడకు తల కొట్టుకున్నాడు. పెద్దమ్మ మంచం దిగలేదు. మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు ఎంతసేపు? కానీ ఆ స్టూడియోలో కూర్చున్నది నేను. ఆ మాట నా నోటికి రాలేదు.

మిగిలిన దారి ఒక్కటే. రికార్డింగు వినిపించి, ఎవరో ఒక కొత్త చెవి చేత ఊ కొట్టించాలి. ఆ చెవి ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో అందరికీ కథ వచ్చు. మేం ఖాలా అని పిలిచే పక్కింటావిడ ఊ తాను కొడతానని వచ్చింది. ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలోనే పెద్దమ్మ గోడ మీదినుంచి ఈ కథ చెప్పింది. ఖాలా దాన్ని ఉర్దూలో తన పిల్లలకూ మనవళ్లకూ చెప్పుకుంది. "మా ఇంట్ల కద్దూ బోల్తది, మీ ఇంట్ల గుమ్మడికాయ. కహానీ ఏక్‌చ్ హై, కథ ఒక్కటే" అంటూ మంచం పక్కన కూర్చుంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ గల్లీలో కొత్త చెవి అన్నది లేకుండా చేసింది పెద్దమ్మే. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున స్టూడియో ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, అమ్మ ఆగిన కాడ ఏదో పడ్డది. ఊపిరి లెక్క. మీదేనా?"

"నేను మైక్‌కు దూరంగా కూర్చున్న గద."

"గదే. గా ఖాళీ కుర్చీ దిక్కు ఉన్న మైక్‌ల పడ్డది. తీసేద్దామని జూస్తే అమ్మ మాట గూడ పోతాంది. ఉంచిన."

 ఇంతకీ కథ ఎట్లుందని అడిగాను.

"కథనా? నేను సౌండు మీటర్లు జూసుకుంట కూసున్న మేడం. కథెవరిన్నరు?"

ఆ మాటకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

మధ్యాహ్నం బండి మీద బ్యాటరీ స్పీకర్ కట్టుకుని శామీర్‌పేటకు వచ్చాడు. పెద్దమ్మ మంచం మీద, ఆయన ఎదురుగా చాప మీద, గడపలో ఖాలా, గోడకు ఆనుకుని నేను. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. స్పీకర్ డబ్బాలోంచి పెద్దమ్మ గొంతు లేచింది. ఎదురుగా పెద్దమ్మ నోరు మూసుకుని కూర్చుని ఉంది. పెదవులు మాత్రం కొంచెంగా కదులుతున్నాయి.

ఆయన మొదట సిగ్గుపడుతూ ఊ అన్నాడు. అన్నలు బండ్లు కట్టేసరికి సిగ్గు పోయింది. వదినలు గుంత తవ్వుతుంటే మోకాళ్లు ముడుచుకుని ముందుకు జరిగాడు. తీగ కప్పు ఎక్కాక నాకు ఒకటి వినిపించింది. ఆయన ఊ కొట్టేలోపే ఇంకో ఊ, సన్నగా, చిన్నపిల్లది. ఖాలా వైపు చూశాను. ఆమె దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆ ఊ తనది కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. భయంతో ఇద్దరం పెద్దమ్మ వైపు తల తిప్పలేదు.

"మెల్లగ కొయ్యన్నా, గది నా గొంతు" అని రికార్డింగులో పెద్దమ్మ గొంతు చిరిగింది. తర్వాత ఆగింది. ఆయన ఊ కొట్టలేదు. నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ సన్నటి ఊ కూడా రాలేదు. పెద్దమ్మ వేళ్లు మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాయి.

"ఊ... గుర్తువట్టిండా అమ్మా?" అన్నాడాయన, చంటిపిల్లాడిలా.

"గుర్తువట్టిండు" అంది డబ్బా.

పెద్దమ్మ ఊపిరి వదిలింది. మిగిలిన ఆ కాస్త గొంతుతో ఆయనతోనే అంది. "గొంతు ఇని గుర్తువట్టిండు నాయినా. ఇగ నా గొంతు తీసేస్తరంట. నన్ను దేన్ని ఇని గుర్తువడ్తరు?"

ఆమె పట్టుదల వెనక ఉన్న భయం ఇది. నాకు అప్పుడు గానీ తెలియలేదు.  ఆమె చెప్పుల కోసం మంచం కింద కాలితో వెతికింది. "తీరింది. పోదాం పాండ్రి."

ఆపరేషన్ అయింది. గొంతు ఆపరేషన్లు అయిన ఆడవాళ్ల వార్డులోకి మార్చాక చూడటానికి వెళ్లాను. వరసగా మంచాలు, అందరికీ ఒకే ఆకుపచ్చ గౌను, తలకు గుడ్డ, మెడకు కట్టు, ముక్కులో గొట్టం. ఒక్కో ముఖం చూసుకుంటూ వార్డు చివరిదాకా పోయి, పెద్దమ్మ ఎక్కడని నర్సును అడిగాను. ఆమె నా వెనక్కి చూపించింది. నేను దాటి వచ్చిన మంచమే. పెద్దమ్మ నన్ను చూస్తోంది. నేను ముందునుంచి పోతున్నప్పుడు కూడా చూస్తూనే ఉంది. పిలవడానికి గొంతు లేదు.

మంచం అంచున కూలబడి ఏడ్చాను. గుర్తుపట్టలేదు పెద్దమ్మా అని పైకే అన్నాను. ఆమె నా చెంప మీద ఒక దెబ్బ వేసింది, నొప్పి పుట్టేంత కాదు. తర్వాత నా సంచి వైపు, తన చెవి వైపు వేలు చూపించింది. ఫోన్ తీసి రికార్డింగు పెట్టాను.

పెద్దమ్మ గొంతు వార్డులోకి వచ్చింది, ఐదుగురు అన్నలకు ఒక్క చెల్లె అంటూ. కట్లు కట్టిన మెడలు తిప్పలేక మంచాల మీద ఆడవాళ్లు భుజాలు తిప్పారు. మాట రాని మనుషుల మధ్య మాట్లాడుతున్నదెవరో తెలియక తలుపు వైపు చూస్తున్నారు. "ఎవరమ్మా గా మాట్లాడేది?" అంది నర్సు.

సెలైన్ సూది గుచ్చి ఉన్న చెయ్యి పెద్దమ్మ పైకెత్తింది.