హల్వా మరక పడిన మ్యాప్

సరిహద్దు మంచుకొండల్లో మా సైనిక పోస్టుకు చేరేసరికి సాయంత్రం నాలుగు. గాలి ఆగలేదు. మీసం అప్పుడే గడ్డకట్టింది. రావికమతంలో చెరకు నరికిన ఈ చేతులకు జతమీద జత గ్లౌజులు తొడిగించి, కెప్టెన్ గారు ఒక మ్యాప్ అప్పగించారు.

ఊళ్లు లేవు, రోడ్లు లేవు. చాలా కొండలకు పేర్లే లేవు. అన్నీ ఎత్తుపల్లాలు చూపే గోధుమరంగు గీతలు. అవి ఎడంగా ఉంటే దిగగలిగే వాలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే నిలువు లోయ. లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కని నాకు అది మాత్రం భలే అబ్బింది.

రేడియో ఆపరేటర్‌ది మాడుగుల. వరస కలుపుకుని బావా అనుకునేవాళ్లం. సెలవు నుంచి వస్తూ హల్వా తెచ్చాడు. రాయిలా బిగిసిపోతే బంకర్లో కిరోసిన్ పొయ్యి దగ్గర వేడిచేసి, బల్ల లేక మ్యాప్ మీదే పెట్టుకుని తిన్నాం. మాడుగుల హల్వా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. నెయ్యి కారింది. పేరులేని కొండ భుజం మీద రూపాయి బిళ్లంత మరక. కెప్టెన్ గారు చెడామడా తిట్టి, మిగిలిన ముక్క తానే తిన్నారు. అప్పటినుంచి పెద్దబండ ఉన్న ఆ చోటును పోస్టంతా హల్వా అనే పిలిచింది.

ఫిబ్రవరిలో బావ మరో ముగ్గురితో పై పోస్టుకు మందులిచ్చి వస్తుంటే మంచు తుఫాను కమ్మింది. చలికి జీపీఎస్ చచ్చింది. రేడియో మాత్రం పలికింది.

"ఏటీ అగుపడతల్లేదు బావా. ముందర రెండు గట్లున్నాయి. ఏది దిగాల?"

"ఎక్కడున్నావు?"

"హల్వా కాడ. పెద్దబండ తగిలింది."

మరక మీద వేలు పెట్టాను. నెయ్యి కింద కూడా గీతలు స్పష్టంగానే ఉన్నాయి. ఎడమ గట్టు కింద ముద్దకట్టాయి. కుడివైపు దూరం దూరంగా ఉన్నాయి.

"కుడిది పట్టుకో. ఎడందాని జోలికెళ్లకు."

"గట్టిగా సెప్పు బావా. నా ఎనకాల ముగ్గురున్నారు."

భయమేసింది. నేను తప్పు చెబితే నలుగురూ పోతారు. మళ్లీ చూశాను.

"కుడిదే. నాను సెప్తన్నాను గదేటి, దిగు."

"దిగుతన్నాం. టీ ఎట్టు."

టీ పెట్టాను. అది మరిగి కషాయమైంది. లోపల కూర్చోలేక బయటికొచ్చి నిలబడ్డాను.

ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలిసినవాళ్లు "శత్రువుని సూసేవా మావా?" అని అడుగుతారు. చూడలేదని చెబితే పాపం నీరుగారిపోతారు. నేను చూసింది వేరు. ఆ రోజు తెల్లటి మంచులో ముందుగా మనిషి కనబడలేదు. నేలను పొడిచి చూస్తున్న కర్ర ఒకటి కనబడింది. పొడవడం, ఆగడం, ఒక అడుగు. కర్ర వెనక బావ. బావ వెనక ముగ్గురూ.