కడుపులో బిడ్డకి ఆటిట్యూడా?

నర్సింగ్ కాలేజీలో మాకు ప్రసూతి పాఠాలు చెప్పిన మేడమ్ ఆదివారం చర్చిలో ఆరాధన వేళకి ముందే కన్నుమూశారు. రాజమండ్రిలో టిఫిన్ చేస్తుండగా మా బ్యాచ్ గ్రూపులో కబురు చూశాను. పెట్టింది మా టాపరమ్మాయి. ఇది కూడా ముందు తనకే తెలియాలా అని కడుపు మండింది. పాఠకులు మన్నించాలి, నాకు దుఃఖం కంటే అసూయ ముందొస్తుంది.

సైకాలజీలో ఆటిట్యూడ్ అంటే మనుషుల మీద, విషయాల మీద మనసుకుండే మొగ్గు. కాలవగట్టు మీద కుర్రాళ్ల భాషలో అయితే పొగరు. మేడమ్ పరీక్షలో "గర్భస్థ శిశువు ఆటిట్యూడ్ వివరించండి" అంటే, బిడ్డ మనోవైఖరి గురించి నేను రెండు పేజీలు రాశాను.

మేడమ్ నా పేపరు పైకెత్తారు. "ఏం బాబూ, కడుపులో బిడ్డకి అభిప్రాయాలుంటాయా? ఓటేమైనా వేస్తాడా?"

"లేదండి."

"మరి ఏంటిది?"

గుడ్డబొమ్మ తీసి, "అమ్మా, నువ్వు రా" అని టాపర్‌ని పిలిచారు. ఆ అమ్మాయి బొమ్మ గడ్డాన్ని గుండెకి ఆనించి, చేతులు ముడిచి, మోకాళ్లు పొట్టకి మడిచింది. ఒంటికి తలా కాళ్లూచేతులూ ఎలా ఒదిగి ఉన్నాయన్నదే వైద్యంలో ఆటిట్యూడట.

"తల వంచినవాడు సులువుగా వచ్చేస్తాడు. తలెత్తుకొచ్చేవాడు తల్లినీ మననీ ఏడిపిస్తాడు" అని మేడమ్ నావైపే చూశారు.

బొమ్మని ముట్టుకోవాలన్నా చేతులు కడగాల్సిందే. "బొమ్మే కదండీ" అంటే, "నీ చేతులకి ఆ సంగతి తెలీదు బాబూ" అనేవారు. ఇప్పుడు నేను పనిచేసే లేబర్ వార్డులో నా చేతులు అడక్కుండానే కుళాయి దగ్గరికి వెళతాయి. అది ఆవిడ చలవే.

ఆ ఏడాదంతా చేతులు కడుక్కుని ముందు బెంచీలో కూర్చున్నాను. పిలుపు మాత్రం రాలేదు. ఒకసారి అడిగేశాను. "నన్నెందుకు పిలవరండీ?"

"నువ్వు పిలవకపోయినా వచ్చేస్తావు. ఆ పిల్ల పిలిస్తేగానీ లేవదు."

న్యాయమైన జవాబే. అయినా నాకు పిలుపే కావాలి.

మేడమ్ ఊళ్లో జరిగిన అంత్యక్రియల్లో టాపర్ రెండు మాటలు మాట్లాడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవడంలోనూ ఫస్టే. ఇంతలో పెట్టె ఎత్తుతూ సంఘపెద్ద కేకేశారు. "ఏవండీ పొడుగు బాబూ, మీరు రండి! తలవైపు ఎత్తు చాలట్లేదు."

పరుగెత్తాను. సగం దూరంలో అర్థమైంది, ఇక మేడమ్ ఎప్పటికీ పిలవరని. భుజం ఆనించాను. దారిలో వానకి నానిన కాలవగట్టు బురదలో నా చెప్పులు ఉండిపోయాయి.

సమాధుల తోట దగ్గర పెట్టె దించి వెనక్కి చూశాను. టాపర్ ఒక చేత్తో తన చెప్పులూ, రెండో చేత్తో నావీ పట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, చెంపని భుజానికి రుద్దుకుంటూ వస్తోంది.