పళ్ల మధ్య పట్టుకున్న స్లీవు

పోయినవి ముందే చెప్తాను. ఎడమ చెవి, పూర్తిగా. ఒంట్లోంచి ఆరు కిలోలు. పనిలోంచి నలభై మూడు రోజులు. మల్లేశం మీద పద్దెనిమిదేళ్ల నమ్మకం.

మెదక్‌లో మాది మోటార్ వైండింగ్ షాపు. నేను, మల్లేశం ఇద్దరమే. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఏ మోటారుకు తీగ ఎన్ని చుట్లు పడుతుందో సొంతంగా లెక్కగట్టి నేర్చుకున్నాను. ప్రతి మోటారు వివరం తేదీతో నోటుబుక్కులో రాస్తాను.

ఒక సోమవారం పొద్దున, టీలో ముంచిన బిస్కెట్ కూడా నమలలేకపోయాను. సాయంత్రానికి చెవుల కింద రెండువైపులా వాపు, నూటరెండు జ్వరం. దవాఖానలో డాక్టర్ చూసి, "మంప్స్. గవదబిళ్లలు. లాలాజలంతో అంటుకునే వైరస్. రెండు మూడు వారాల కింద ఎవరి ఎంగిలైనా తగిలిందా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

ఎనిమిదో రోజుకు వాపు తగ్గింది. పదో రోజు కుడిపక్కకు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ వచ్చి భుజం పట్టి ఊపింది.

"ఎన్నిసార్లు పిల్వాలె? ఇనొస్తలేదా, నకరాలా?"

కుడి చెవి దిండుకు ఆని ఉంది, పైనున్న ఎడమ చెవికి నిజంగానే వినపడలేదు. లేచి నిలబడితే ఇల్లంతా తిరిగింది. చెవిలోకి నీళ్లు పోయి ఉంటాయనుకుని మూడు రోజులు నూనె చుక్కలు వేసుకున్నాను. నాలుగో రోజు ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేశారు. కుడి చెవికి ఇరవై డెసిబెల్స్ చప్పుడు సరిపోయింది. ఎడమ చెవికి తొంభై దాటినా చాలలేదు.

"స్టెరాయిడ్ ఇస్తాను, గ్యారంటీ లేదు. మొదటి రోజే రావాల్సింది" అన్నారు. రెండు వారాలు మింగాను. తల తిరగడం తగ్గింది. చెవి రాలేదు.

మంచంలోనే నోటుబుక్కు తెరిచి, ఆ సోమవారం నుంచి వెనక్కి లెక్కపెట్టాను. పదిహేడో రోజు దగ్గర ఆగాను. హవేలిఘనపూర్ రైతు మోటారు. ఆ రోజు మల్లేశం దవడకు తువాలు కట్టుకుని వచ్చాడు. "పన్ను నొప్పి లేసిందన్నా" అన్నాడు.

వైర్ల మీద తొడిగే సన్నటి గొట్టాలను మేం స్లీవులంటాం. చేతులు రెండూ పనిలో ఉంటాయి కనుక వాటిని పళ్లతో పట్టుకుంటాం. ఆ రోజు అతను తన పళ్ల మధ్య ఉన్నవి తీసి అందించాడు. నేను నా పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది ఎంగిలి అని మాకెప్పుడూ తోచలేదు.

మల్లేశాన్ని పిలిపించి అడిగాను. "ఆ రోజు నీది పన్ను నొప్పేనా?"

తల దించుకున్నాడు. "ముందటి రోజే డాక్టర్ చెప్పిండన్నా, మంప్స్ అని. ఐదు దినాలు ఇంట్లనే ఉండు, గ్లాసు గూడ వేరే పెట్టుకో అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నాట్ల టైము. పదకొండు మోటార్లున్నయి. చెప్తే నువ్వు షాపు బంద్ పెట్టిస్తవని. పెద్దోళ్లకు ఏం గాదనుకున్న."

"అనుకుంటే నీ చెవి మీద అనుకోరాదు? నా చెవి మీదెందుకు అనుకున్నవ్?"

షాపు నడుస్తోంది. బేరింగ్ చప్పుడు కుడి చెవి తిప్పి వింటాను. హారన్ ఎటునుంచి వస్తోందో తెలియదు కాబట్టి రోడ్డు దాటేముందు ఆగి, రెండుసార్లు చూస్తాను. మల్లేశంతో పనికి కావలసినంతే మాట్లాడతాను. స్లీవులు ఎవరివి వారివే.

చదివేవారికి ఒక్క మాట. చెవి ఉన్నట్టుండి వినపడకపోతే నూనె చుక్కలతో కూర్చోకండి. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లండి.

మొన్న మల్లేశం మళ్లీ అడిగాడు. "ఏం జేస్తే మాఫ్ చేస్తవన్నా?"

"నువ్వు ఇంట్ల ఉండాల్సిన ఆ ఐదు దినాలు నాకియ్యి" అన్నాను.

చెవి పోయి ఏడాది దాటింది. నాకు రావలసిన దినాలు ఈ రోజుకీ ఐదు.