తాడు పట్టినవాళ్లు కూర్చోరు

ముంబయి చూడాలన్న కోరిక నాకు ఎన్నడూ లేదు. హుల్సూర్‌లో బ్లౌజులు కుట్టుకుని బతికేదాన్ని, నాకు సముద్రంతో పనేమిటి? ఈ ప్రయాణం ఒక వీడియో వల్ల పడింది. అందులో నా తమ్ముడు అంజయ్య నారింజరంగు కోటు వేసుకుని, తెల్లటి దీపాల వరుస కింద నిలబడి నవ్వుతున్నాడు. వెంటనే ఫోన్ చేసి అది ఎక్కడరా అన్నాను.

"కోస్టల్ రోడ్డక్కా. ఊరి అంచుకు సముద్రం పొంటి పోతది. ఇది దాని సొరంగం, కొంచెం దూరం సముద్రం కింద ఉంటది."

ఏడాదిగా వాడు "రోడ్డు పని" అంటూ వచ్చింది ఇదే. ఆ సొరంగంలో నీళ్లు పోయే కాలువల్లో పూడిక తీస్తున్నాడు. మాది బావుల్లో పూడిక తీసే ఇల్లు. ధన్నూర దగ్గర ఒక బావిలో గోడ కూలి నాన్న పోయాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, అంజయ్యకు మూడు. అమ్మ అంతకు ముందే పోయింది కాబట్టి వాణ్ణి సాకింది నేనే. ఇప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని రావాలని, భాల్కీలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పని కూడా మాట్లాడిపెట్టి బయలుదేరాను.

వానలు వెనకబట్టిన రోజులు. మధ్యాహ్నం మూడింటికి హుల్సూర్‌లో బస్సెక్కి, నాలుగున్నరకు భాల్కీలో దిగాను. స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాక ముంబయి బండి వచ్చింది. పోదలచినవాళ్లు కింది బెర్తు ముందే తీసుకోండి. మిషను తొక్కి తొక్కి అరిగిన నా మోకాళ్లకు పై బెర్తు రాసిపెట్టి ఉంది. ఎదురుగా సంతపూర్ పెద్దాయన ఒకాయన జొన్నరొట్టె, పుంటికూర తింటూ నాకూ పెట్టాడు. ఎందుకు పోతున్నానో చెబితే నోట్లో ముద్ద ఆపేశాడు.

"సముద్రం కింద రోడ్డేసిర్రా? మా చేన్ల బాటకు మొరం పోయించనీకే మూడేండ్లాయె బిడ్డా!"

నవ్వి, మిగిలిన రొట్టె మడిచి పక్కన పెట్టాను. మా ఇంటి కట్టుబాటు ఒకటి ఉంది. బావిలో మనిషి ఉన్నంతసేపు పైన తాడు పట్టినవాళ్లు కూర్చోకూడదు, తినకూడదు, ముఖం తిప్పకూడదు. నడుమ నడుమ పేరు పెట్టి పిలవాలి, కిందివాళ్లు "ఓ" అనాలి. తమ్ముడికి ఈ సంగతి కథలాగా చెప్పి పెంచాను. నాన్న పోయిన రోజు తాడు నా చేతిలోనే ఉంది.

బండి గంటకు పైగా ఆలస్యమై పొద్దున తొమ్మిదింటికి ముంబయి చేరింది. అంజయ్య ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. చిక్కలేదు, పైగా బుగ్గలు వచ్చాయి. ట్యాక్సీలో ఎక్కించి, వర్లీలోని వాడి గదికి ఆ రోడ్డు మీదుగానే తీసుకుపోయాడు. ఎడమ పక్క సముద్రం కనబడుతూ ఉండగానే బండి నేలలోకి దిగిపోయింది. పైన ఆకాశం లేదు. వాడు చెయ్యి చాపి, అదిగో ఫ్యాన్లు, అదిగో మేం కడిగిన గోడ అని చూపిస్తున్నాడు. నేను దేన్నీ చూడలేదు, వాడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. రెండు మూడు నిమిషాలే పట్టిందట. బయటికి వచ్చి వెలుతురు మీద పడ్డాక చూస్తే వాడి చేతి మీద నా గోళ్ల గుర్తులున్నాయి.

గదిలో వాడితో పాటు గణ్‌పత్ అనే మరాఠీ అబ్బాయి ఉంటాడు, అదే పని. నన్ను చూసి తను స్నేహితుల గదికి సర్దుకున్నాడు. అన్నం తింటూ భాల్కీ దుకాణం సంగతి ఎత్తాను.

"రేపు నా పని చూడక్కా," అన్నాడు తమ్ముడు. "ఎనక మాట్లాడుదాం."

మర్నాడు పొద్దున ఏడింటికి వాడు సొరంగంలోకి పోయాడు. సొరంగం నోటికి దగ్గరగా సముద్రం వెంట నడిచే బాట ఉంది. విశాలంగా, శుభ్రంగా ఉంటుంది, నడవడానికి టికెట్టేమీ లేదు. అయితే నీడ తక్కువ, గొడుగు తీసుకుపోండి. వచ్చినవాళ్లంతా సముద్రాన్ని చూస్తున్నారు. నేను సముద్రానికి వీపు పెట్టి, సొరంగం నోరు చూస్తూ నిలబడ్డాను. వాచ్‌మన్ ఒకతను రెండుసార్లు వచ్చి "బైఠియే మౌసీ" అని బల్ల చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. తమ్ముడు లోపలున్నాడని చెబితే అతను నవ్వి, అంజయ్య అక్కవా, వాడూ ఇంతే, లోపలివాళ్లతో మాట్లాడే వైర్‌లెస్ పట్టుకుని బయట ఉన్న రోజు వాడూ కూర్చోడు అని హిందీలో అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవిన పడిందే గానీ లోపలికి పోలేదు.

ఎందుకంటే నేను అప్పుడే వెనక్కి తిరిగి చూశాను. ఏడింటికి గట్టు కింద నల్లరాళ్లు బారులు తీరి బయట ఉన్నాయి. ఇప్పుడు, తొమ్మిదిన్నరకు, సగం లేవు. పదకొండింటికి ఒక్క రాయి కూడా కనబడలేదు, నీళ్లు గోడను కొట్టి తుంపరలు నా చీర మీద పడుతున్నాయి. బావిలో ఊట జానెడు పెరిగితే చాలు, మనిషిని పైకి లాగేస్తాం. ఇక్కడ నిలువెత్తు పెరిగింది, చుట్టూ జనం ఫొటోలు దిగుతున్నారు! అంజయ్యకు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తి, నీళ్లొస్తున్నాయి, మనుషుల్ని బయటికి తియ్యండి అని అరిచాను. ఇది రోజూ రెండుసార్లు వస్తుంది, పోతుంది అని అతను చెబుతూనే ఉన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. రోజూ వచ్చే నీళ్లయితే ఇవాళ ఆగుతాయని ఎవరు పూచీ? చీర ఎగదోపి, సొరంగం రోడ్డు వైపు కంచె ఎక్కాను.

"అంజయ్యా! ఓ అంజయ్యా!"

కింద కార్లు సర్రుసర్రున పోతున్నాయి. ఇద్దరు పట్టుకుని నన్ను దించారు. వాచ్‌మన్ వైర్‌లెస్‌లో ఏదో చెప్పాడు. పావుగంటకు పసుపు దీపం తిరుగుతున్న బండిలో తమ్ముడు బయటికి వచ్చాడు, బురద చేతులతో. వాడి వెనకే సూపర్‌వైజరు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు గానీ వాణ్ణి ఆ పూటకు ఇంటికి పొమ్మన్నాడు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ గదక్కా! సముద్రం గట్లనే వస్తది, గట్లనే పోతది. ఎందుకింత పరేషాన్ అయితున్నవ్?"

ఇరవై ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"నేను కూసున్న రా. నాయిన లోపట ఉన్నప్పుడు నేను కూసున్న. ఆకలైతే రొట్టె ముక్క తిందామని తాడు మోకాలి కింద పెట్టుకొని కూసున్న. తిని పిలిస్తే ఓ అనలే."

తమ్ముడు కోటు విప్పి బల్ల మీద పరిచి, నా భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. తన డబ్బా తీసి అన్నం, పప్పు నా చేతిలో పెట్టాడు.

"కూసున్నా నిలబడ్డా గోడ ఆగదక్కా. తిను."

తిన్నాను. ఉప్పు తెలియలేదు. సాయంత్రానికి నల్లరాళ్లు ఒక్కొక్కటే మళ్లీ బయటపడ్డాయి. భాల్కీ దుకాణం మాట ఇంకొకసారి ఎత్తాను.

"రానక్కా. బురద చెయ్యిల పట్టుకుంటే కాలువ ఏడ అడ్డం పడ్డదో చెప్త. గా పెద్ద ఇంజనీర్లే నన్ను అడుగుతరు. మేకులు జోకితే నాకేమొస్తది?"

నాన్న కూడా మట్టి నలిపి చూసి ఊట ఎక్కడుందో చెప్పేవాడు.

తిరుగు దారికి పగటి బండి మంచిది. సోలాపూర్‌లో దిగితే బసవకల్యాణ్ వైపు బస్సులు దొరుకుతాయి, అక్కణ్ణించి హుల్సూర్ దగ్గరే. ఆ రోజు తమ్ముడికి సెలవు. దాదర్‌లో నన్ను ఎక్కించి గదికి పోయాడు. కర్జత్ దాటి బండి ఘాట్ ఎక్కుతుండగా ఫోన్ మోగింది.

"అక్కా."

"ఓ," అన్నాను అలవాటుగా.

సొరంగం వచ్చింది, ఫోన్ తెగిపోయింది. బయటపడగానే మళ్లీ మోగింది. "అక్కా." "ఓ." మళ్లీ చీకటి. ఆ ఘాట్‌లో ఎన్ని సొరంగాలున్నాయో నేను లెక్కపెట్టలేదు, వాడు మాత్రం ఒక్కదాన్నీ వదల్లేదు. లోణావళాలో బండి ఆగాక అడిగాను.

"తిన్నవా రా?"

"ఇగ తింట."

వాడి వెనక గణ్‌పత్ గొంతు వినబడింది: "ఆతా తరీ బస్ రే!" ఇప్పటికైనా కూర్చోరా, అని.

ముంబయి ఎలా ఉందని మా వీధిలో అడుగుతారు. రోడ్డు బాగుంది, తప్పక చూడండి అనే చెబుతాను. నా భయం మాత్రం రవ్వంత తగ్గలేదు. రేపు ఏడింటికి వాడు సముద్రం కిందికి దిగుతాడు. ఆ వేళకు నేను మిషను ముందు ఉండాలి. నిలబడి బ్లౌజు కుట్టడం నాకు రాదు.