తమ్ముడు బిగించిన రైఫిల్

కర్నూలులో ముప్ఫై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్న లాల్ అహమ్మద్‌కు తమ్ముడు అబూబకర్ పేరు వింటేనే కడుపు మండేది. పని నేర్పింది తనే. ఇప్పుడు షూటింగ్ పోటీలకు వెళ్లేవాళ్లంతా తమ్ముడి దుకాణానికే పోతున్నారు.

ఒకరోజు వీరభద్ర అనే పోటీ షూటర్ రైఫిల్ తెచ్చాడు. "నీ తమ్ముడు ఊర్లో లేడన్నా. ట్రిగ్గర్ శానా గట్టిగుండాది, రవ్వంత సూడు" అన్నాడు.

తమ్ముడే బిగించిన ఆ రైఫిల్ లోపల తప్పేదైనా దొరుకుతుందన్న ఆశతో అహమ్మద్ ఇనుప భాగాన్ని చెక్క పిడి నుంచి విప్పాడు. పలకలు అతికించి చేసిన ఆ చెక్కలో, మరలు దిగే రెండు చోట్లా అల్యూమినియం గొట్టాలు నిలబెట్టి, చుట్టూ రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు పోసి ఉంది. ఇక ఎంత బిగించినా చెక్క నలగదు. ఎపాక్సీలో ఇనుము అచ్చు అద్దంలా పడింది. ఒక్క బుడగ లేదు. తన చేతికి ఎన్నడూ అంత నునుపు రాలేదు.

ట్రిగ్గర్ సరిచేసి, ఒక మరను కావాలనే వదులుగా ఉంచి ఇచ్చేశాడు. తను ముట్టింది ట్రిగ్గర్‌నే అనుకుంటారు కాబట్టి, గురి తప్పితే బిగించిన తమ్ముడి పేరే పోతుంది. కానీ వీరభద్ర బండి ఎక్కేసరికి ఆ నునుపైన పని గుర్తొచ్చి అహమ్మద్ పనిముట్టు అందుకున్నాడు.

"ఏమప్పా, నిలబడు! మర ఒకటి వదులుగుండాది" అంటూ పరుగెత్తి బిగించాడు.

"నీ తమ్ముని పని ఎట్లుండాదన్నా?"

"నాకంటే బాగా చేసినాడు."

ఆ మాట అన్నందుకు సాయంత్రం దాకా తన మీద తనకే మంటగా ఉండింది.